ఉద్దానం: యంత్రం పక్కన ఒక కుర్చీ

శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతానికి ఉద్దానం అని పేరు. ఉద్యానం అన్న మాటే జనుల నోట నలిగి ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలు దట్టంగా పెరిగిన ఆ సీమకు ఆ పేరు అన్ని విధాలా తగినదే. అయితే దాదాపు మూడు దశాబ్దాలుగా ఆ పేరు వినగానే తోటల కంటె ముందుగా మూత్రపిండాల వ్యాధి గుర్తుకు వస్తోంది. వైద్యులు దీనిని కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. దీర్ఘకాలికం అంటే మూడు నెలలకు మించి కొనసాగేది, దెబ్బతిన్న భాగం మళ్ళీ మామూలు స్థితికి రానిది అని అర్థం. కారణం తెలియనిది అంటే మూత్రపిండాలను సాధారణంగా పాడుచేసే మధుమేహం, రక్తపోటు వంటివి లేనివారిలో సైతం, ముఖ్యంగా ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవారిలో, కనిపించేది అని అర్థం.

2019, 2020 సంవత్సరాలలో వైద్య పత్రికలలో వెలువడిన రెండు అధ్యయనాలు ఉద్దానం గ్రామాల పెద్దవారిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి మూత్రపిండాల వ్యాధి ఉన్నట్లు లెక్కగట్టాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల చెరకు కూలీలలోనూ ఇటువంటి వ్యాధే ప్రబలి ఉంది. నేల అడుగు నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందుల అవశేషాలు, మండుటెండలో పనిచేయడం వల్ల ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పి మాత్రల అతివాడకం, వంశపారంపర్యం మొదలైన వాటన్నిటి మీదా అనుమానం ఉంది గాని ఏ ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు.

ఇన్నేళ్ళలో జరిగిన పని తక్కువదేమీ కాదు. విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రిలో మూత్రపిండ వైద్యుడుగా పనిచేసిన టి. రవిరాజు వంటివారు ఈ వ్యాధిని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. రోగి రక్తాన్ని యంత్రం గుండా పంపి శుద్ధిచేసే డయాలసిస్ కేంద్రాలు సోంపేట, పలాస, కవిటి వంటి చోట్ల ఏర్పడ్డాయి. డయాలసిస్ చేయించుకునేవారి పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. హిరమండలం నుంచి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం ఊళ్ళకు చేర్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకమూ, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. నీరు, యంత్రం, పింఛను, పరిశోధన అనే నాలుగు మాటల చుట్టూనే ఉద్దానం గురించిన బహిరంగ చర్చ తిరుగుతూ ఉంటుంది. అయిదవ మాట ఒకటి ఉన్నదనీ, అది లేనప్పుడు తక్కిన నాలుగూ సగమే పనిచేస్తాయనీ ఈ ప్రసంగం ప్రతిపాదిస్తోంది. ఆ మాట కౌన్సెలింగ్.

కౌన్సెలింగ్ అనే పదాన్ని సలహా అని అనువదించడం వాడుకలో ఉంది. ఆ అనువాదం వల్ల చాలా నష్టం జరిగింది. సలహాకు ఉద్దానంలో ఎన్నడూ కరువు లేదు. రోగి అరుగు మీద కూర్చుంటే చాలు, వచ్చేవారూ పోయేవారూ తలా ఒక సలహా ఇచ్చి వెళతారు. వైద్యశాస్త్రంలో కౌన్సెలింగ్ అంటే, శిక్షణ పొందిన వ్యక్తి ముందుగా రోగి చెప్పేది అడ్డుతగలకుండా విని, అతనికి తెలిసినదేమిటో, తెలియనిదేమిటో, భయపెడుతున్నదేమిటో విడదీసి, వ్యాధి గురించిన నిజాన్ని అతడు మోయగలిగినంత మేరకు, మోయగలిగిన వేగంతో చెప్పి, తరువాతి నిర్ణయం అతని చేతనే చేయించే ప్రక్రియ. మైకేల్ బరీ అనే బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త 1982లో, కీళ్ళవాతంతో బాధపడేవారిని పరిశీలించి, దీర్ఘవ్యాధి శరీరాన్ని మాత్రమే కాక మనిషి తన జీవితం గురించి తాను అల్లుకున్న కథను కూడా మధ్యలో తెంచివేస్తుందని ప్రతిపాదించాడు. కూతురి పెళ్ళి, ఇంటి పైకప్పు, తోట అప్పు తీర్చడం అనే వరుసలో సాగుతున్న కథ ఒక రక్తపరీక్ష కాగితంతో ఆగిపోతుంది. తెగిన చోట కొత్త కథను ముడివేసుకోవడానికి తోడు నిలవడమే ఈ సేవ యొక్క అసలు పని.

ఉద్దానంలో ఆ కాగితం మీద అందరి కళ్ళూ వెదికేది ఒక అంకెను. కండరాల పనిలో పుట్టి మూత్రపిండాల ద్వారా బయటికి పోవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం రక్తంలో ఎంత నిలిచిపోయిందో ఆ అంకె తెలుపుతుంది. ఇతర ప్రాంతాలలో డాక్టర్లు తప్ప ఎవరూ పలకని ఈ మాటను ఉద్దానం పల్లెల్లో చదువురానివారు కూడా క్రియాటిన్ అని నోటికి అనువుగా మార్చుకొని, పంట దిగుబడి గురించి అడిగినంత మామూలుగా ఒకరినొకరు ఎంతుందని అడుగుతారు. అంకె ఒకటిన్నర దాటితే ఇక డయాలసిస్సే అనుకొని అప్పటి నుంచే తిండి మానేసి దిగులుపడేవారున్నారు. అయిదు దాటినా నొప్పి లేదు కదా అని పట్టించుకోనివారూ ఉన్నారు. వాస్తవానికి వైద్యులు ఈ అంకెను వయసుతోనూ, స్త్రీపురుష భేదంతోనూ కలిపి లెక్కగట్టి మూత్రపిండాల వడపోత శక్తిని అంచనావేస్తారు. ఆ శక్తి 60కి దిగువకు వస్తే మూడవ దశ, 30కి దిగువన నాలుగవ దశ, 15కు దిగువన అయిదవ దశ. మూడవ దశలో ఉన్న ప్రతివారూ అయిదవ దశకు చేరరని, రక్తపోటును అదుపులో ఉంచుకోవడం, నొప్పి మాత్రలను మానడం వంటి వాటితో ఏళ్ళ తరబడి నిలకడగా ఉండేవారు ఉంటారని ఎవరైనా పావుగంట కూర్చుని చెప్పవలసి ఉంది. ఆ పావుగంట దొరకనప్పుడు అంకె ఒక్కటే మిగులుతుంది. పింఛను అర్హత కూడా వ్యాధి దశతో ముడిపడి ఉండడం వల్ల, భయపడవలసిన అంకే ఆశపడవలసిన అంకె అయ్యే విచిత్ర పరిస్థితి పేదకుటుంబాలకు ఏర్పడుతుంది. దీనికి రోగిని తప్పుపట్టడం అన్యాయం.

మనోవేదన విషయంలో ఈ వ్యాధికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ప్రపంచంలోని అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి ఒక విశ్లేషణ, డయాలసిస్ రోగులలో సుమారు నలుగురైదుగురిలో ఒకరికి చికిత్స అవసరమైనంత కుంగుబాటు, అంటే డిప్రెషన్, ఉంటుందని తేల్చింది. కుంగుబాటు లక్షణాలైన నిద్రలేమి, ఆకలి మందగించడం, నీరసం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం అనేవే రక్తంలో వ్యర్థాలు పేరుకుపోయినప్పుడు కూడా కనిపిస్తాయి కనుక, ఇంటివారేగాక వైద్యులు సైతం అంతా కిడ్నీ వల్లనే అని సరిపెట్టుకొనే అవకాశం ఎక్కువ. పైగా ఉత్తరాంధ్ర పల్లెల్లో తనకు మానసికంగా బాగాలేదని చెప్పుకునే అలవాటు తక్కువ. ఏటీ తోచడం లేదు అనో, ఒళ్ళు బాగోలేదు అనో అంటారు. ఆ మాటల వెనుక ఉన్నది శరీరబాధా, మనోబాధా, రెండూనా అని తరచి చూడగల చెవి కావాలి.

ఇక తిండి. డయాలసిస్ దశకు చేరిన మూత్రపిండాలు పొటాషియం అనే లవణాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో మితిమీరితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కొబ్బరినీళ్ళలో పొటాషియం అధికం. పనసతొనలలోనూ, అరటిపండులోనూ, జీడిపప్పులోనూ అది తక్కువేమీ కాదు. అంటే ఉద్దానం నేల దేనిని పండించి పేరు తెచ్చుకున్నదో, ఇంటికి వచ్చిన అతిథికి దేనిని కొట్టి ఇచ్చి మర్యాద చేస్తుందో, సరిగ్గా దానినే ఆ నేలమీది రోగి ముట్టకూడదు. ఎండు చేపలు, ఆవకాయ ఉప్పు కారణంగా దూరమవుతాయి. వద్దు అనే మాటను కాగితం మీద వరుసగా రాసి చేతిలో పెట్టడం కౌన్సెలింగ్ కాదు. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండుకుంటే పొటాషియం కొంత తగ్గుతుందనీ, బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియమే ఉంటుంది కనుక అది ఈ రోగులకు మంచిది కాదనీ, వంట చేసే వ్యక్తిని ఎదుట కూర్చోబెట్టుకొని, ఆ ఇంట్లో రోజూ ఏమి వండుతారో అడిగి తెలుసుకొని చెప్పాలి.

నీటి సంగతి అంతకంటె చిక్కైనది. ఆరోగ్యవంతులైన కూలీలకు ఎండలో నీళ్ళు బాగా తాగాలని ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చెప్పడం సబబే. అదే ఇంట్లో డయాలసిస్ మీద ఉన్నవారు మాత్రం డాక్టరు నిర్ణయించిన కొలతకు మించి గుక్కెడు ఎక్కువ తాగినా ఆ నీరు బయటికి పోయే దారి లేక కాళ్ళలో, ఊపిరితిత్తులలో చేరుతుంది. ఒకే ఊరిలో ఒకే నోట రెండు విరుద్ధమైన మాటలు వినిపించినట్లుంటుంది గనుక, నీళ్ళు తాగకే ఇంత పని జరిగింది అని బంధువులు చెంబెడు నీళ్ళు బలవంతం చేయడమూ, వైశాఖపు ఉక్కలో నోరెండిపోయిన రోగి దొంగచాటుగా తాగి, మరునాడు డయాలసిస్ గదిలో బరువు తూచినప్పుడు దోషిలా తల దించుకోవడమూ జరుగుతాయి. పెరిగిన బరువును చూసి మందలించడం సులభం. గాజుసీసాలో రోజుకు సరిపడే నీటిని ముందే కొలిచి పెట్టుకోవడం, గుక్కలుగా కాక చప్పరింపులుగా తాగడం, దాహం పెంచే ఉప్పును తగ్గించడం నేర్పడానికి ఓపిక కావాలి.

రోగం చేతిని కూడా మార్చివేస్తుంది. డయాలసిస్‌కు వీలుగా మణికట్టు దగ్గరగాని మోచేతి దగ్గరగాని ధమనినీ సిరనూ కలిపి చిన్న శస్త్రచికిత్సతో ఏర్పరిచే సంధిని ఫిస్టులా అంటారు; ఆ చేతికి ఇంజెక్షను వేయకూడదు, బీపీ పట్టీ చుట్టకూడదు, దానితో బరువులెత్తకూడదు. కొబ్బరి దింపుతోనో, కాయల ఒలుపుతోనో బతికేవాడికి ఇది ఒక అవయవాన్ని పోగొట్టుకోవడంతో సమానం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పటి నుంచి ఊళ్ళో పనే తగ్గిపోగా, వలసపోయి సంపాదించే దారి కూడా వారానికి మూడుసార్లు యంత్రం దగ్గరికి రావలసిన మనిషికి మూసుకుపోతుంది. నాలుగేసి గంటల చొప్పున మూడుసార్లు అంటే వారానికి పన్నెండు గంటలు. రానుపోను ప్రయాణమూ, వేచి ఉండడమూ కలిపితే మూడు పనిదినాలు. తోడు వెళ్ళే భార్య కూలి కూడా అంతమేరకు పోతుంది. పలాస జీడిపప్పు కర్మాగారాలలో పనిచేసే స్త్రీలు ఇంటి రోగిని చూసుకోవడానికి పని మానవలసి వచ్చినప్పుడు, వారి అలసటను లెక్కలోకి తీసుకునే ఫారమే ఉండదు. రోగికి సేవచేసే వ్యక్తిని కూడా సగం రోగిగా భావించి పలకరించని ఏ సహాయ వ్యవస్థా ఈ ప్రాంతానికి సరిపోదు.

డయాలసిస్ గదిలో మరొక సంగతి గమనింపదగినది. ఒకే వేళకు వచ్చేవారు నెలల తరబడి పక్కపక్క మంచాల మీద పడుకొని, కాలక్రమాన ఒకరి కుటుంబ విషయాలు ఒకరికి తెలిసిన చుట్టాలైపోతారు. కొత్తగా వచ్చినవాడికి సూది గుచ్చేటప్పుడు ఎటు చూడాలో, కాళ్ళు పట్టేసినప్పుడు ఎవరిని పిలవాలో నేర్పేది ఎక్కువసార్లు పక్క మంచం మీది పాత రోగే. వైద్యశాస్త్రం దీనిని తోటివారి ఆలంబన అంటుంది. ఎవరూ ఏర్పాటు చేయకుండానే ఏర్పడిన ఈ ఆలంబనకు ఒక కఠినమైన ముఖం ఉంది. ఒకనాడు పక్క మంచం ఖాళీగా ఉంటుంది, లేదా దానిమీద కొత్త మనిషి ఉంటాడు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. యంత్రాలు మాత్రం యథాప్రకారం తిరుగుతాయి. ఆ నాలుగు గంటలూ రోగులతోనే గడిపే డయాలసిస్ టెక్నీషియన్, పెద్ద డాక్టరు కంటె ఎక్కువగా వారి కన్నీళ్ళను చూసే వ్యక్తి. యంత్రాన్ని నడపడంలో అతనికి ఇచ్చే శిక్షణకు తోడుగా, పోయిన మనిషి గురించి మిగిలినవారితో రెండు మాటలు ఎలా మాట్లాడాలో నేర్పడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మంచం పక్కన ఒక కుర్చీ, దానిమీద కూర్చునే తీరికగల ఒక మనిషి అవసరమని ఈ ప్రసంగం అంటున్నది ఈ అర్థంలోనే.

కారణం తెలియకపోవడం ఒక ప్రత్యేక బాధ. క్షయకు క్రిమి ఉంది, మలేరియాకు దోమ ఉంది. ఉద్దానం రోగికి వేలెత్తి చూపడానికి ఎవరూ లేనప్పుడు ఆ వేలు తనవైపే తిరుగుతుంది. తాగిన సారా వల్లనా, చేసిన పాపం వల్లనా, ఆ బావి నీరే బిడ్డలకూ తాగించినందుకు వాళ్ళకూ వస్తుందా అనే ప్రశ్నలు రాత్రిపూట లేస్తాయి. ఈ ఊళ్ళకు పిల్లనివ్వడానికి బయటివారు జంకుతున్నారన్న మాట పత్రికలకు కూడా ఎక్కింది. ఇది అంటువ్యాధి కాదని గట్టిగా చెప్పవచ్చు; మీ తప్పు కాదని కూడా నిశ్చింతగా చెప్పవచ్చు. కారణం మాత్రం ఇదమిత్థంగా తెలియదని ఒప్పుకోవలసిందే, ఎందుకంటే ధైర్యం చెప్పాలన్న తొందరలో ఏదో ఒక కారణాన్ని అంటగట్టే మాట, రేపు మరొకరు వేరే కారణం చెప్పగానే విశ్వాసాన్ని మొత్తంగా పోగొడుతుంది.

రోగం పేరుతో వెలివేత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కొత్త కాదు. కుష్ఠువ్యాధి ఇక్కడ ఒకప్పుడు చాలా ఎక్కువగా ఉండేది. పూర్వపు విజయనగరం జిల్లాలోని సాలూరులో మిషనరీలు స్థాపించిన ఫిలడెల్ఫియా ఆసుపత్రి దానికోసం పుట్టినదే. 1980ల నుంచి అనేక మందులను కలిపి ఇచ్చే చికిత్స వ్యాపించడంతో వ్యాధి తగ్గింది గాని, స్పర్శ కోల్పోయిన కాళ్ళు, వంగిపోయిన వేళ్ళు, దగ్గరికి రానివ్వని చుట్టరికాలు మిగిలిపోయాయి. ఆ అనుభవం నుంచి పుట్టిన ఒక మంచి పద్ధతి స్వీయ సంరక్షణ బృందాలు: వ్యాధి నయమైనవారు కొందరు ఒకచోట చేరి, పాదాలను నీటిలో నానబెట్టి, నూనె రాసుకొని, తమకు తెలియకుండా ఏర్పడిన పుండ్లు ఉన్నాయేమోనని ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటారు. అక్కడ ఉపన్యాసం ఉండదు, పని ఉంటుంది, పని మధ్యలో మాట ఉంటుంది. అంతకుముందు తాకడానికే ఎవరూ లేని పాదాలవి. కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు కోరవచ్చుననే నిబంధనను పార్లమెంటు తొలగించింది 2019లో మాత్రమే అన్నది కూడా గుర్తుంచుకోదగినది. మందు పనిచేసిన చాలా కాలానికి గాని చట్టం కదలలేదు.

భాష మాట కూడా ఇక్కడ రావలసిందే. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు అనేకం. సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు ఉన్నారు, అక్కడి గిరిజనులలో కొడవలి కణ రక్తహీనత, అంటే ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలో వంగిపోయే పుట్టుకవ్యాధి, జీవితాంతం వేధించే సమస్య. ముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చి దానికి నిఘంటువునూ వ్యాకరణాన్నీ సమకూర్చారు; ఆ కొండల్లో తిరిగేటప్పుడు పట్టుకున్న జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి పోయింది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన ఉద్యమం అందరికీ తెలిసినదే గాని, ఎవరి మాటా వినని కాలంలో కొండవారి మాట వినడానికి వెళ్ళి చెవులు పోగొట్టుకున్న మనిషిగా ఆయనను తలచుకునేవారు తక్కువ. ఆసుపత్రి కరపత్రం గ్రాంథికంలో ఉండి, రోగి గోడు మాండలికంలో ఉన్నంతకాలం పంతులుగారి పోరాటం ఇంకా పూర్తికానట్లే.

చట్టం విషయంలో ఒక లోటు ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచి, నయమైన కుష్ఠురోగులను కొనసాగించి, కొడవలి కణ వ్యాధిని కొత్తగా చేర్చుకున్నది గాని మూత్రపిండాల వ్యాధిని చేర్చలేదు. అందువల్ల ఎముకలో బలం లేక కర్ర పట్టుకొని నడిచే డయాలసిస్ రోగి కూడా ఆ వ్యాధి ఒక్కదానినీ ఆధారం చేసుకొని వైకల్య ధ్రువపత్రం పొందలేడు. దక్కే వాటి సంగతి కూడా అందరికీ తెలియదు: డయాలసిస్‌కు ప్రయాణించేవారికి రైల్వే టికెట్టులో రాయితీ ఉంది, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరులో ఫోను చేస్తే మనసులోని బాధను తెలుగులో చెప్పుకోవచ్చు. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పి వెంట నడవడం కూడా కౌన్సెలింగులో భాగమే, ఎందుకంటే పింఛను ఆగిన నెలలో ధైర్యవచనాలు చెవికెక్కవు.

ఇవన్నీ ఎప్పుడు మొదలు కావాలనే ప్రశ్నకు ఇప్పటి ఆచారం ఇచ్చే జవాబు సరైనది కాదు. సాధారణంగా ఊపిరాడక ఆసుపత్రికి వచ్చిన రాత్రి, మెడలో గొట్టం వేసి అత్యవసరంగా డయాలసిస్ చేస్తున్నప్పుడు, నిలబడే కాళ్ళు వణుకుతున్న కుటుంబానికి విషయం మొదటిసారి చెబుతారు. నాలుగవ దశలోనే చెబితే డయాలసిస్, మూత్రపిండ మార్పిడి, యంత్రం వద్దనుకొని బాధను తగ్గించే ఉపశమన వైద్యంతో సరిపెట్టుకోవడం అనే మూడు దారుల గురించీ ఆలోచించుకొనే వ్యవధి ఉంటుంది. మార్పిడి విషయంలో ఉద్దానానికి అదనపు సంకటం ఉంది: దానం చేయవలసిన తల్లి, భార్య, తోబుట్టువు కూడా అదే ఊరి ఎండలో పనిచేసి అదే బావి నీరు తాగినవారే కనుక, వారి మూత్రపిండాలను మరింత నిశితంగా పరీక్షించవలసి వస్తుంది. మన దేశంలో బతికుండి మూత్రపిండం దానం చేసేవారిలో అధికులు స్త్రీలు, స్వీకరించేవారిలో అధికులు పురుషులు. కనుక ఇస్తానన్న ఇల్లాలితో విడిగా, భర్తా అత్తా వినని చోట, మాట్లాడవలసిన బాధ్యత కూడా కౌన్సెలరుదే. ఉపశమన వైద్యానికి సంబంధించి 1993లో కోళికోడ్‌లో మొదలైన కృషి, శిక్షణ పొందిన ఇరుగుపొరుగువారే ఇంటింటికీ వెళ్ళి రోగులను చూసుకునే పద్ధతిగా కేరళ అంతటా విస్తరించింది. స్వయం సహాయక సంఘాలు బలంగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు అది అందని పద్ధతేమీ కాదు.

ముందుగానే మొదలుపెట్టడానికి శరీరమే ఒక గడువు ఇస్తుంది. ఫిస్టులా వేసిన వెంటనే సూది గుచ్చకూడదు. సిర లావెక్కి గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో రోగి చేతికి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజుకు కొన్నిసార్లు పిసుకుతూ ఉండమంటారు. వాకిట్లో కూర్చుని, పని లేని ఆ చేతితో బంతిని నొక్కుతూ వదులుతూ ఉన్న మనిషి ఎదుటికి ఆశా కార్యకర్తగాని, నర్సుగాని, అంతకుముందే ఆ బంతిని పిసికిన పాత రోగిగాని వచ్చి కూర్చుంటే, డయాలసిస్ గది తలుపు తెరుచుకునే లోపల చాలా మాటలకు వేళ ఉంటుంది.